గాజుమేడల పేటలో పదిదినములు

యాత్ర యనగానే మనకు కాశీయో, రామేశ్వరమో, తిరుమలయో జ్ఞప్తికి వచ్చును. నేనీ మాసము వ్రాయబోవునది అట్టి పుణ్యక్షేత్రమును గూర్చి కాదు. ఇందును ఒక దేవుడు కలడు గాని, ఆయన సంగతి పిదప చెప్పెదను. విశ్వావసు నామ సంవత్సర కార్తికమాసములో, అనగా 2025 నవంబరులో, నేను రాజమహేంద్రవరమునుండి హైదరాబాదునకు పోయి, మాదాపూరను పేటలో మా చెల్లెలి యింట పదిదినము లుంటిని. మా చెల్లెలు సాఫ్టువేరు టెస్టరు. పదునైదేండ్లుగా ఆ పని చేయుచున్నను, అది యెట్టి పనియో నేనెన్నడును అడిగి తెలిసికొనలేదు. కంప్యూటరు ముందు కూర్చుండుట యని మాత్రము తెలియును.

పోవుటకు కారణము వినోదము కాదు. ఆశ్వయుజమాసములో ఒకనాటి మధ్యాహ్నము మా అమ్మగారు చెల్లెలికి ఫోను చేసిరి. ఎత్తినది ఏడేండ్ల మనుమరాలు. “అమ్మ మీటింగులో ఉన్నది, అమ్మమ్మా. నాకు జ్వరము. మందు నేనే త్రాగినాను. మీరు తరువాత చేయండి” అని పెద్ద గుమాస్తావలె చెప్పి ఫోను పెట్టివేసినదట. ఆ పూట అమ్మగారు అన్నము ముట్టలేదు. “నీవు పోయి దానితో చెప్పుము. ఆ ఉద్యోగము మానుకొమ్మనుము. ఇంట ఒక జీతము చాలదా? నా మాట వినదు, నీ మాట వినును” అని దినదినము నన్ను తొందరపెట్టిరి. మావారికి బడి విడిచి వచ్చుట పొసగదు. అందుచేత నేనొక్కతెనే, సంచిలో ఆవకాయ సీసాయు, మనస్సులో అమ్మగారి మాటయు మోసికొని బయలుదేరితిని. బరువులలో రెండవదియే హెచ్చు.

గౌతమీ ఎక్స్‌ప్రెస్సు రాత్రి మాయూరు విడిచి తెల్లవారిన పిదప లింగంపల్లి చేరును. బండి కదలిన కొలది నిమిషములకే గోదావరి వంతెన. చీకటిలో నీరు కనబడలేదు. చల్లగాలిని బట్టి నది వచ్చినదని తెలిసి, కిటికీ సందులోనుండి రూపాయి నాణెము విడిచి నమస్కరించితిని. ఎదుటిబల్లపై ఒక పడుచుపిల్ల ఒడిలో లాప్‌టాపు పెట్టుకొని ఏమో వ్రాయుచుండెను. నన్ను చూచి తానును చెవిలోని తీగ తీసి, చేతులు జోడించి, మరల తీగ పెట్టుకొని పనిలో పడినది. అది ఆదివారపు రాత్రి. పెట్టెలో మూడువంతులమంది అట్టి పిల్లలే. రెండుదినములు అమ్మ చేతి అన్నము తిని, సోమవారము ప్రొద్దున కచ్చేరికి అందుకొనుటకై పోవువారు.

లింగంపల్లిలో మా మరిది వచ్చి నన్ను కారులో ఎక్కించుకొనెను. దారిపొడుగున నన్ను ఆశ్చర్యపరచినవి మేడలు కావు, రాళ్లు. ఏనుగులంత బండలు ఒకదానిపై నొకటి, ఎవరో పేర్చిపెట్టినట్లు నిలిచియున్నవి. ఇవి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వానిని పగులగొట్టి, ఆ తావున గాజుమేడలు లేపిరి. ఎండలు మండు దేశములో అద్దముల గోడలు కట్టి, లోపల చేరిన వేడిని తోలుటకు యంత్రములు పెట్టుట యేమి తెలివియో నాకు బోధపడలేదు. మా మరిది నవ్వి, “వదినగారూ, చూచువారికి కంపెనీ గొప్పగా కనబడవలెను గదా” అనెను.

ఈ పేటకు మొదటి మేడ సైబరు టవర్సు. గుండ్రముగా నుండును. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు దానిని ప్రారంభించిరి. అప్పటికి చుట్టును రాళ్లు, పొదలు, మేకలు మాత్రమే యని పాతవారు చెప్పుదురు. నేడు ఆ మేడ చుట్టునున్న వానిలో చిన్నదైపోయి, పెద్దకోడండ్ర నడుమ అత్తగారివలె నిలిచియున్నది. దానికి కూతవేటు దూరముననే శిల్పారామము కలదు. 1992లో నెలకొల్పిరి. అందు మట్టియిండ్లు కట్టి, వాకిట ముగ్గువేసి, ఎడ్లబండి బొమ్మలు నిలిపి, పల్లెటూరిట్లుండునని టిక్కెట్టు తీసికొని చూపుదురు. నేను చూచుచుండగా ఒక చిన్నవాడు రుబ్బురోలు చూపి, “ఇదేమిటి నాన్నా?” యని అడిగెను. ఆ తండ్రి చెప్పలేక నావైపు చూచెను.

మరికొంత దూరములో దుర్గముచెరువు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు త్రాగునీ రిచ్చిన చెరువిది. రాళ్ల నడుమ దాగియుండుటచేత దీనికి రహస్యపు చెరువని పేరు వచ్చినది. 2020 సెప్టెంబరులో దానిపై తీగల వంతెన వేసిరి. రాత్రివేళ ఆ తీగలకు రంగురంగుల దీపములు వెలిగి ఆరుచుండును. కార్తికదీపములు విడుచుటకు నేను గట్టు వెదకితిని గాని, ఇనుపకంచె దాటి నీటిని తాకు తావు నాకు దొరకలేదు. ఇంటికి వచ్చి స్నానపు గదిలో బకెట్టు నీటిలో అరటిదొప్ప విడిచితిని. మేనకోడలు చప్పట్లు కొట్టినది. దేవుడును క్షమించియే యుండును.

మా చెల్లెలి కాపురము ఇరువదియొకటవ అంతస్తులో. తెల్లవారుజామున ఐదింటికి లేచి, వంటచేసి, పిల్లను బడి బస్సు ఎక్కించి, తొమ్మిదింటికి ఆమె పనికి కూర్చుండును. వారమునకు మూడుదినములు కచ్చేరి, రెండుదినములు ఇల్లు. 2020 మార్చి 25న కరోనా కట్టడి మొదలైననాడు ఇంటికి వచ్చిన కచ్చేరి మరల పూర్తిగా పోలేదని ఆమె చెప్పెను. పడకగదిలో ఒక మూల బల్ల, రెండు తెరలు. ఆమె యజమానులు అమెరికాలో నుందురు. మనకు సాయంకాలమైనప్పుడు వారికి తెల్లవారును. కావున మన దీపము పెట్టు వేళకే వారి మీటింగులు మొదలగును. సంధ్యవేళ ఆ యింట ఇల్లాలి గొంతు వినబడును గాని, అది ఇంటివారితో మాటాడు గొంతు కాదు. మా మేనకోడలు ఆ వేళలో తన బొమ్మలను వరుసగా నిలిపి, చెవికి తాడు కట్టుకొని, “వినబడుచున్నదా? వినబడుచున్నదా?” యని అడుగుచు ఆడుకొనును. అది మీటింగు ఆట. మొదటినాడు నవ్వితిని. మూడవనాడు నవ్వు రాలేదు.

ఇక ఆమె పని సంగతి. ఒకరు ప్రోగ్రాము వ్రాయుదురు. అది సరిగా నడచునో లేదో మరియొకరు పరీక్షింతురు. ఆ రెండవవారు టెస్టర్లు. “బియ్యములో రాళ్లేరుట వంటిది అక్కా” యని చెల్లెలు మొదట చెప్పెను. కొంతసేపు ఆలోచించి, “కాదు, చేటలో రాయి కంటికి కనబడును. ఇందు కనబడదు. అన్నము వండి, తిని, పంటికి తగిలిననాడే తెలియును. కాబట్టి లోకమున ఎన్ని విధముల పండ్లున్నవో అన్ని విధములుగా నేను కొరికి చూడవలెను” అనెను. ఎన్ని కొరికినను రాయి లేనేలేదని చెప్పరాదట. వెదకినంతమట్టుకు కనబడలేదని మాత్రమే చెప్పవలెనట.

నాకప్పుడు అవధానసభ జ్ఞప్తికి వచ్చినది. మా నాన్నగారితో చిన్ననాట అష్టావధానములు చూచితిని. అందు నిషిద్ధాక్షరి యడుగు పృచ్ఛకుడు కవి వేయబోవు అక్షరమును ముందే యూహించి వలదనును. అప్రస్తుతప్రసంగి సమయము చూచి సంబంధములేని ప్రశ్నవేసి ధార చెరుపజూచును. వారు కవికి శత్రువులు కారు. వారు గట్టివారైననే అవధానము గట్టిది. ఈ మాట చెప్పగా చెల్లెలు ఎగిరి గంతువేసి, “సరిగా అదే! నేను పృచ్ఛకురాలిని. మా ప్రోగ్రాము వ్రాయువారికి మాత్రము ఈ సంగతి నీవు చెప్పవలెను. వారు నన్ను శత్రువనియే అనుకొందురు” అనెను.

ప్రోగ్రాములోని తప్పును వారు బగ్గు అందురు. అనగా పురుగు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమువారి మార్కు-2 అను యంత్రము చెడిపోగా, విప్పి చూచినప్పుడు లోపల నిజముగా ఒక చిమ్మటపురుగు చిక్కుకొని యున్నదట. దానిని తీసి దినచర్య పుస్తకములో అంటించి, నిజమైన పురుగు దొరకినదని వ్రాసికొనిరి. ఆ మాట అంతకు ముందునుండియు వాడుకలో నున్నదే గాని, ఆ పుటవలన దానికి ప్రసిద్ధి వచ్చినది.

ఇంతకంటె నా మనసునకు హత్తుకొన్న కథ మరియొకటి. 2018 ఫిబ్రవరిలో లోకమంతట ఆపిల్ కంపెనీవారి ఐఫోనులు ఒక యక్షరము చూచి నిలిచిపోయినవి. ఏ యక్షరమనుకొంటిరి? మన తెలుగు “జ్ఞా”. అది ఒక విధమైన కూర్పుతో సందేశములో వచ్చినచో చదువబోయిన ఫోను తెర మూతపడెడిది. కొన్నిదినములకు వారు సవరించి క్రొత్త కూర్పు విడిచిరి. నేను విని నివ్వెరపడితిని. జ్ఞానమునకు మొదటి యక్షరము! జకారము క్రింద ఞకారమును చేర్చి వ్రాయుట మనకు ఓనమాలనాడే అలవడును. కోట్ల డాలర్ల యంత్రము దానిని మ్రింగలేకపోయినది. “తెలుగు చదివిన టెస్టరు ఒక్కతె ఆ గదిలో నుండియుండినచో!” అని చెల్లెలు చేయి నొసట పెట్టుకొనెను. చిన్ననాట నాన్నగారు ఆమెను పెద్దబాలశిక్ష ముందు కూర్చుండబెట్టినప్పుడు ఆమె ఏడ్చిన యేడ్పు నాకింకను వినబడుచున్నట్లుండెను.

ఆమె నాకు తన పని కొంత చేతికిచ్చి చూపినది. ఒక దరఖాస్తు తెరపై పెట్టి, “చెరుపుము చూతము” అనెను. నేను మా ఎదురింటివారి పేరు కొట్టితిని. వారి ఇంటిపేరు పొట్టిగా ఒకే అక్షరముతో వ్రాసికొందురు. యంత్రము ఒప్పుకొనలేదు. కడపటి పేరు రెండక్షరములకు తక్కువ గాకూడదట. చెల్లెలు వెంటనే దానిని వ్రాసికొనెను. పుట్టినతేదీ 1900 ఫిబ్రవరి 29 కొట్టుమనెను. అట్టి దినమే లేదు. నాలుగింట భాగింపబడు సంవత్సరమునకు ఒక దినము హెచ్చు గాని, నూరింట భాగింపబడినచో హెచ్చు లేదు. నాలుగువందలతో భాగింపబడినచో మరల హెచ్చు కలదు. కాబట్టి 2000లో కలదు, 1900లో లేదు. పంచాంగము చూచుకొని అధికమాసము లెక్కించుకొను మనకు ఇదేమంత చిక్కు కాదు గాని, ఆ చిన్న నియమము మరచి ప్రోగ్రాములు వ్రాయువారు పలువురు కలరట.

ఒక మధ్యాహ్నము ఇద్దరము మెట్రోలో అమీరుపేటకు పోతిమి. ఆడువారికి ప్రత్యేకముగా చోటుంచిరి. అమీరుపేట ఈ గాజుమేడలకు పాఠశాల. సందుసందునను, అంతస్తు అంతస్తునను, తలుపు తలుపునను పలకలు వ్రేలాడుచుండును. జావా, పైథాన్, సెలీనియము మొదలైనవి అచ్చటి శాస్త్రములు. జిల్లాలనుండి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో ఆరుగురొక గదిలో నుండి ఇవి నేర్చుకొందురు. మా చెల్లెలును 2010లో ఇచ్చట నాలుగుమాసములు నేర్చినది. తానున్న హాస్టలు చూపబోయి, దానిని కూలగొట్టినట్లు చూచి, ఎదుట చాయ్ బండిచెంత నిలిచెను. బండివాడు మాత్రము ఆ బండివాడే. గుర్తుపట్టలేదు.

ఆ యింట వార్తలు వినుట మన యిండ్లలో వినుట వంటిది కాదు. మావారు వార్తాపత్రిక చదివి నిట్టూర్చి మడిచిపెట్టుదురు. అచ్చట వార్త నేరుగా వంటింటిలోనికి వచ్చును. 2022 ఫిబ్రవరి 24న రష్యాసేనలు ఉక్రెయినుపై దండెత్తినప్పుడు మా చెల్లెలితో పనిచేయు టెస్టరు ఒకామె ఖార్కివు నగరములో నుండెను. ముఖముఖాల ఎన్నడును చూచుకొనలేదు. దినమును ప్రొద్దున ఒక పలకరింపు, తప్పుల పట్టిక, అంతే. ఆనాటి పలకరింపు రాలేదు. పందొమ్మిది దినములకు పోలెండునుండి ఒక వాక్యము వచ్చినదట. తాను, బిడ్డ, పిల్లి క్షేమమనియు, సగములో విడిచిన పరీక్షలు రేపు పూర్తిచేసెదననియు. చెల్లెలు ఆ వాక్యమును ఇప్పటికిని ఫోనులో దాచుకొన్నది. మన పురాణములలో యుద్ధములెన్నియో చదివితిని. దండు వచ్చిననాడు సగములో విడిచిన పని తలచుకొన్న స్త్రీని గూర్చి ఎచ్చటను చదువలేదు.

2025 సెప్టెంబరు సంగతి ఇంకను వేడిగానే యున్నది. మా మరిది తమ్ముడు అమెరికాలో టెక్సాసున ఉద్యోగము. తండ్రికి గుండె చికిత్స కాగా చూడవచ్చెను. 19వ తేదీన అధ్యక్షుడు ట్రంపుగారు హెచ్-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుము విధించు ప్రకటనపై సంతకము చేసిరి. దేశము వెలుపలనున్నవారు వెంటనే తిరిగి రావలెనని కంపెనీలనుండి సందేశములు వచ్చినవి. మనకప్పటికి శనివారపు ప్రొద్దు. అతడు తండ్రి మంచముచెంతనుండి లేచి, ఉతికి ఆరవేసిన చొక్కాలు తడిగానే సంచిలో కుక్కుకొని, విమానాశ్రయమునకు పరుగెత్తెను. ఆ రుసుము క్రొత్త దరఖాస్తులకే గాని ఉన్నవారికి కాదని మరునాడు చెప్పిరి. అప్పటికతడు విమానములో సముద్రము మీద నుండెను. తండ్రిగారు, “వాడు కాఫీ త్రాగకనే పోయినాడు” అని ఇప్పటికిని చెప్పుచుందురట.

ముందు చెప్పిన దేవునివద్దకు ఆ ఆదివారమే పోతిమి. ఊరి వెలుపల ఉస్మానుసాగరము దరిని చిలుకూరు బాలాజీ. చిన్న గుడి. హుండీ లేదు. కోరిక కోరువారు పదునొకండు ప్రదక్షిణములు, తీరినవారు నూటయెనిమిది చేయుదురు. లెక్క తప్పకుండుటకై గళ్లు గీసిన కాగితము చేతబట్టుకొని గుర్తులు పెట్టుకొనుచుందురు. అమెరికా ప్రయాణము కోరువారు పలువురు వచ్చుటచేత ఈయనకు వీసా బాలాజీ యని పేరు వచ్చినది. వాషింగ్టనులో కలము కదలినచో చిలుకూరులో ప్రదక్షిణముల వేగము హెచ్చునని మా మరిది హాస్యమాడెను. నా ముందు నడచు బాలుని చేతిలో కాగితము చెమటకు తడిసి గళ్లు చెరిగిపోయినవి. వాడు నిలిచి, ఆలోచించి, మరల మొదటినుండి లెక్క ప్రారంభించెను. మా చెల్లెలు ఏమి కోరినదో నేనడుగలేదు. ఆమె పదునొకండే చేసినది.

అడుగకున్నను రెండుదినములలో తెలిసినది. ఆమె కంపెనీలో మనుష్యులను తగ్గింపబోవుచున్నారు. ఇప్పుడు కృత్రిమమేధ యను యంత్రమే పరీక్షలను వ్రాయుచున్నది. ఇరువురు చేయు పని యొకరు చేయవచ్చునని పైవారి లెక్క. తీసివేయువారి పట్టిక ఆ మాసాంతమునకు వచ్చునట. అట్టి సమయమున ఆమె ఒక పేచీలో చిక్కుకొన్నది.

ఆమె పరీక్షించునది వైద్యశాలలలో పిల్లలకు మందు మోతాదు లెక్కగట్టు ప్రోగ్రాము. పిల్ల బరువు కొట్టినచో మందెంతయో చెప్పును. బరువు పౌండ్లలో కొట్టవచ్చును, కిలోలలో కొట్టవచ్చును. కిలో యనగా సుమారు రెండుంబాతిక పౌండ్లకు కొంచెము తక్కువ. ఆమె కనుగొన్న తప్పేమనగా, ముందు పౌండ్లలో బరువు కొట్టి, పిదప మనసు మారి కిలోలని మార్చినచో, కొలతపేరు మారుచున్నది గాని అంకె మారుటలేదు. నలుబదియెనిమిది పౌండ్ల పిల్ల నలుబదియెనిమిది కిలోల పిల్లగుచున్నది. మందు రెండింతలకు పైబడుచున్నది. కొలతలు కలియకపోవుటచేతనే 1999లో కుజగ్రహమునకు పంపిన అమెరికా నౌక నాశనమైనది. ఒకచోట పౌండ్ల లెక్క, మరియొకచోట మెట్రిక్కు లెక్క. అది యంత్రము. ఇది పిల్ల.

శుక్రవారము విడుదల. గురువారము రాత్రి పదింటికి మీటింగు. నేను ప్రక్కగదిలో మేనకోడలిని నిద్రబుచ్చుచుంటిని. తలుపు సందునుండి మాటలు వినబడినవి. సగము ఇంగ్లీషు, సగము తెలుగు. పైయధికారి మర్యాదస్థుడే. గొంతు హెచ్చింపలేదు. ఏ నర్సయినను అట్లు నడుమ మార్చునా, ఇది మిగుల అరుదు, తరువాతి కూర్పులో సరిచేయవచ్చును, నీవు సరియని వ్రాయుము, ఇట్టి సమయములో పేచీ నీకును మంచిది కాదు, అని చెప్పుచుండెను. చెల్లెలు కొంతసేపు ఊరకుండెను. నా గుండె దడదడలాడినది. తరువాత ఆమె, “సరియని నేను వ్రాయను. తప్పున్నదని వ్రాసెదను. ఆపై మీరు విడిచినచో మీ సంతకముతో విడువుడు” అనెను. చిన్ననాట చింతచెట్టెక్కి దిగనని మొండికేసిన గొంతు అదే.

మీటింగు ముగిసిన పిదప ఆమె వచ్చి నా ప్రక్కన నేలపై కూర్చుండెను. చేతులు చల్లబడియున్నవి. అప్పుడొక కథ చెప్పెను. చంద్రునిపైకి మనుష్యులను పంపిన అపోలో యాత్రలకు ప్రోగ్రాము వ్రాయించిన ఇల్లాలు మార్గరెట్ హామిల్టన్. సెలవుదినములలో చిన్నకూతురిని పనిచోటికి తెచ్చుకొనెడిది. ఒకనాడా పిల్ల ఆటగా మీటలు నొక్కగా, ప్రయాణము నడుమ ప్రయాణమునకు ముందు నడువవలసిన ప్రోగ్రాము మొదలై, అంతయు తారుమారైనది. దీనికి అడ్డు పెట్టుదమని తల్లి యనగా, వ్యోమగాములు అట్టి తప్పు చేయరని పైవారు ఒప్పుకొనలేదు. 1968 డిసెంబరులో అపోలో-8లో జిమ్ లోవెల్ సరిగా ఆ తప్పే చేసెను. “పిల్లను ప్రక్కన పెట్టుకొని పనిచేసిన తల్లికి కనబడినది, మిగిలినవారికి కనబడలేదు” అని చెల్లెలు నిద్రించు బిడ్డ జుట్టు సవరించెను.

అప్పుడు నేను అమ్మగారి మాట చెప్పితిని. ఇంకను దాచుట న్యాయము కాదనిపించినది. ఆమె కోపగించుకొనలేదు. “నీవందుకే వచ్చినావని మొదటినాడే తెలిసినది, అక్కా. ఆవకాయ తెచ్చుటకు అమ్మ నిన్ను పంపదు. ఆ జ్వరమునాడు నేను ఈ గదిలోనే ఉంటిని. మందు నేనే కొలిచి గిన్నెలో పోసి దానిచేతికిచ్చి మీటింగునకు కూర్చుంటిని. డాక్టరు దాని బరువెంతని అడిగి చీటి వ్రాసినాడు. ఇరువది రెండు కిలోలు. గిన్నెలో పోయుచుండగా, అదే పౌండ్లలో ఎంతయగునని ఊరక లెక్కవేసికొంటిని. ఆ లెక్కవలననే ఈ తప్పు దొరకినది. ఎక్కడనో ఒక పిల్ల... మానుకొనుమని అమ్మ అనుచున్నది. మానుకొనుట నా చేతిలో ఉన్నదో లేదో, వారే మాన్పింతురో. ఇంటి అప్పు ఇంకను పదునాలుగేండ్లున్నది. కాని, అప్పు లేకున్నను నేను మానను” అనెను. కొంత తడవు ఆగి, “పిల్ల ఒంటరిగా ఆడుకొనుట నాకు తెలియదనుకొన్నావా? ఆ బొమ్మల మీటింగు నేను ప్రతిదినమును చూచుచునే ఉన్నాను” అని ముఖము త్రిప్పుకొనెను.

నేనేమియు అనలేకపోతిని. నిజము చెప్పవలెనన్న, అమ్మగారి మాటలో తప్పున్నదని నాకు ఇప్పటికిని తోచదు. సంధ్యవేళ ఆ పిల్లకు ఒక మనిషి కావలెను. చెల్లెలి మాటలోను తప్పు కనబడదు. మా మరిది మాత్రము మరునాటినుండి సాయంకాలపు మీటింగులలో రెండింటిని ప్రొద్దుటికి మార్చుకొని, దీపము పెట్టు వేళకు పిల్లతో క్రిందికి దిగి ఆడించుచున్నాడు. పదిదినములలో నేను చేసిన పని ఏమైన ఉన్నదా యన్న, గురువారపు రాత్రి సంగతి శుక్రవారము ప్రొద్దున కాఫీయిచ్చుచు అతనితో చెప్పుటయే.

విడుదల నాలుగుదినములు ఆగినది. తప్పు దిద్దిన పిమ్మటనే విడిచిరి. ఆమెకు ఎవరును మెచ్చి వ్రాయలేదు. పట్టిక నేనున్నంతవరకు రాలేదు.

ఇల్లు చేరినంతనే అమ్మగారు వీధిగుమ్మములోనే, “చెప్పినావా?” అని అడిగిరి. చెప్పితి నంటిని. కాళ్లు కడుగుకొని కూర్చుండి, ప్రక్కగది సంగతి, మందు కొలత సంగతి, గురువారపు రాత్రి సంగతి వరుసగా చెప్పితిని. అమ్మగారు చాలసేపు మాటాడలేదు. తరువాత, “పిల్ల బరువు ఎంతన్నావు?” అనిరి. ఇరువది రెండు కిలోలంటిని. “ఏడేండ్లదానికి అది చాలదు” అని లేచి, సున్నుండలకు మినుములు వేయించుటకై వంటింటిలోనికి పోయిరి.